ఫిలడెల్ఫియా పాజిటివ్ అయితే చాలు, మనసు కాకపోయినా ఫర్లేదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ పటమటలో ఉంటావు, 29 ఏళ్లు. రెండు నెలల కిందట సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, దానికి రోజూ ఇమాటినిబ్ మాత్ర, 400 మిల్లీగ్రాములు, వేసుకుంటున్నావు, తెల్లకణాలు మామూలుకు వచ్చేశాయి. అయినా నిద్ర పట్టడం లేదు. ఇంట్లోవాళ్లు, డాక్టరు, ఆఫీసులో విషయం తెలిసిన ఒకే ఒక్క స్నేహితుడు, అందరూ "పాజిటివ్‌గా ఉండు" అంటున్నారు, అది నీ వల్ల కావడం లేదు. ఇలా దిగులు పడుతుంటే జబ్బు ముదురుతుందా అని అడిగావు. చివర్లో, సంబంధం కుదిరింది, అమ్మాయికి చెప్పాలా వద్దా అని ఒక్క ముక్క వదిలావు. అసలు నిద్ర పట్టనివ్వనిది ఆ ముక్కేనేమోనని నా అనుమానం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

దిగులు పడినందుకు సీఎంఎల్ ముదరదు. నవ్వుతూ తిరిగినందుకు తగ్గదు. దానికి కావాల్సింది రోజూ ఆ మాత్ర కడుపులో పడటం. ఏడుస్తూ వేసుకున్నా పనిచేస్తుంది, దేవుణ్ని తిట్టుకుంటూ వేసుకున్నా పనిచేస్తుంది. కాబట్టి "పాజిటివ్‌గా ఉండలేకపోతున్నానే" అనే రెండో దిగులు నెత్తిన పెట్టుకోకు. ఉన్నది చాలు.

ఇంతకీ నేనెవరంటే, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. 2009 నవంబరులో నాకు ఇదే జబ్బు బయటపడింది. అప్పుడు నాకు 36. ఎడమ డొక్కలో ఏదో బరువు, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్టు ఉండేది. గ్యాస్ అనుకుని రెండు నెలలు ఏవో గోలీలు మింగాను. చివరికి కొత్తపేటలో ఒక డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, ప్లీహం పెరిగిందయ్యా అని రక్తపరీక్ష రాశారు. తెల్లకణాలు 4 వేల నుంచి 11 వేల మధ్య ఉండాలి కదా, నాకు 2 లక్షల 40 వేలు. ల్యాబులో కుర్రాడు కాగితం చేతికిస్తూ నా మొహం వంక చూడలేదు, నా చెప్పుల వంక చూశాడు. జబ్బు సంగతి డాక్టరు చెప్పకముందే నాకు అక్కడే అర్థమైపోయింది.

నేను డాక్టర్ని కాను. నేను చెప్పేదానికీ మీ హెమటాలజిస్టు, అంటే రక్తవ్యాధుల డాక్టరు, చెప్పేదానికీ తేడా వస్తే ఆయన మాటే పట్టుకో.

ముందు నీ ఫైలు తీసి చూడు. ఎముక మజ్జ పరీక్ష కాగితాల్లోనో, క్రోమోజోముల రిపోర్టులోనో "ఫిలడెల్ఫియా పాజిటివ్" అని రాసి ఉంటుంది. మనకు కావాల్సిన పాజిటివ్ అదీ. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల రక్తకణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును చూశారు. ఊరి పేరే దానికి స్థిరపడిపోయింది. అది ఎందుకు పొట్టిదైందో 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ తేల్చింది. 9వ క్రోమోజోములో ఒక ముక్క, 22వ దానిలో ఒక ముక్క తెగి, ఒకదాని చోట ఒకటి అతుక్కున్నాయి. ఆ అతుకు దగ్గర పుట్టిన కొత్త జన్యువే నీ రిపోర్టులో ఉండే బీసీఆర్-ఏబీఎల్. (సీఎంఎల్ దినం సెప్టెంబరు 22న పెట్టుకున్నది అందుకే, తొమ్మిదో నెల, ఇరవై రెండో తేదీ.) దాని నుంచి తయారయ్యే ప్రొటీన్ తెల్లకణాలను పెరగండి, పెరగండి అని పగలూ రాత్రీ అరుస్తూ ఉంటుంది. ఇమాటినిబ్ వెళ్లి దాని నోట్లో గుడ్డ కుక్కుతుంది. గుడ్డ ఉన్నంతసేపే నిశ్శబ్దం. తీస్తే మళ్లీ అరుపు. రోజూ వేసుకోమనేది ఇందుకే.

ఇది నువ్వు పుట్టాక నీ మజ్జలో ఏదో ఒక కణంలో జరిగిన పొరపాటు. మీ నాన్నగారి నుంచి రాలేదు, నీ పిల్లలకు పోదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. నువ్వు తిన్నదాని వల్లో, చేసిన పాపం వల్లో వచ్చిందీ కాదు. మా ఊళ్లో ఒకాయన మిరపకాయ కోరు వల్లే వచ్చిందని తీర్పు చెప్పాడు నాకు. అలాగైతే యార్డులో హమాలీలందరికీ రావాలి.

ఎన్నాళ్లు బతుకుతాం అనేది నువ్వు అడగలేదు, కానీ అడగకుండా ఉన్నావంటే నమ్మను. మన పాత సినిమాల్లో బ్లడ్ క్యాన్సర్ అంటే ఒక దగ్గు, రుమాలు మీద రక్తం, ఒక పాట, అంతే. ఇమాటినిబ్ రాకముందు నిజంగానే ఐదారేళ్లు గడిస్తే గొప్ప. ఈ మాత్రకు అమెరికాలో అనుమతి 2001లో వచ్చింది. కొత్తగా జబ్బు తేలినవాళ్లకు దాన్ని ఇచ్చి చూసిన ఐరిస్ అనే పెద్ద పరిశీలనలో పదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 83 శాతం. పోయినవాళ్లలో వేరే కారణాలతో పోయినవాళ్లూ ఉన్నారు. మందుకు బాగా లొంగినవాళ్ల ఆయుష్షు ఇప్పుడు మామూలు మనుషుల ఆయుష్షుకు దగ్గరగా ఉంటోంది. ఇమాటినిబ్ సరిపోకపోతే డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ ఉన్నాయి, వాటికీ లొంగని రకానికి పోనాటినిబ్ ఉంది. నేను మొదటి మాత్ర మీదే పదిహేనేళ్లు దాటించాను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నన్ను ముంచబోయింది దిగులు కాదు, ధీమా.

మొదటి ఏడాదంతా నేనూ నీలాగే ఉన్నాను. రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాణ్ని. మా ఆవిడ గాజులు తాకట్టులోకి వెళ్లింది కూడా ఆ ఏడాదే. కానీ ఆ ఏడాది ఒక్క మాత్ర మానలేదు, భయం కాపలా కాసింది. మూడో ఏడు దాటేసరికి పీసీఆర్ (రక్తంలో ఆ బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష) 0.03 శాతానికి దిగింది. డాక్టరు భుజం తట్టారు. చుట్టాలంతా "నీ విల్‌పవర్ గొప్పదిరా" అన్నారు. పదిమంది పదిసార్లు అంటే ఎవడైనా నమ్ముతాడు. నేనూ నమ్మాను.

2013 సీజను. ఫిబ్రవరి నుంచి సరుకు విరగబడింది. గుంటూరు పక్కనే ఉన్నావు, చూసే ఉంటావు. రాత్రంతా లారీలు దిగుతూనే ఉంటాయి, తెల్లారేసరికి కొట్ల ముందు టిక్కీలు నిలువెత్తు పేరుకుని ఉంటాయి. టిక్కీ అంటే మిరపకాయల బస్తా, 40 కిలోల పైమాటే. వేలం పాట అయ్యాక కాటా, కాటా అయ్యాక పట్టీలు రాయడం, రైతులకు డబ్బు లెక్కపెట్టడం. ఇల్లు చేరేసరికి పదకొండు. అన్నం తినకుండా పడుకున్న రోజు మాత్ర మానేవాణ్ని, ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి అవుతుందని. తర్వాత తిన్న రోజు కూడా మానాను. ఒక్కరోజేగా, మూడేళ్లుగా ఏం కాలేదు, మనకు మనోబలం ఉంది అనుకున్నాను. మార్చి మొత్తం కలిపి పది మాత్రలు కూడా వేసుకొని ఉండను.

పైగా ఎంత హాయిగా ఉందనుకున్నావు! కళ్ల కింద వాపు పోయింది, పిక్కలు పట్టేయడం పోయింది, నోటికి రుచి వచ్చింది. మందు మానేస్తే ఒంట్లో బాగున్నట్టు అనిపించే జబ్బు ఇది. దీని మోసమంతా అక్కడే ఉంది.

ఏప్రిల్ 2 పొద్దున యార్డు గేటు దగ్గర టీ కొట్లో పేపరు తిరగేశాను. ముందురోజు సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. గ్లీవెక్ పేటెంటు కోసం నోవార్టిస్ వేసిన అప్పీలు కొట్టేశారు. గ్లీవెక్ అంటే మన ఇమాటినిబే. కంపెనీ బ్రాండు అయితే నెలకు లక్షా ఇరవై వేలు, మన దేశంలో తయారైంది 8 వేలని లెక్కలు వేశారు. ఆ చవక మాత్ర జనం చేతిలోంచి జారిపోకుండా ఏళ్ల తరబడి పోరాడినవాళ్లలో క్యాన్సర్ రోగుల సహాయ సంఘం ఒకటి. మన హైదరాబాదు నాట్కో కంపెనీ కూడా ఆ వైపే ఉంది. అదంతా చదువుతున్నాను. అవే మాత్రలు నా కొట్లో గల్లాపెట్టె సొరుగులో, పట్టీ పుస్తకాల అడుగున, రెండు షీట్లు నిండుగా పడి ఉన్నాయి. నాకు ఒళ్లంతా సిగ్గేసింది. టీ సగంలో వదిలేసి డాక్టరు దగ్గరికి పోయాను.

పీసీఆర్ 1.4 శాతం వచ్చింది. 0.03 ఉన్నది! డాక్టరు తిట్టలేదు. "ఇంకో రెండు నెలలు ఇలాగే చేసుంటే మందు మార్చే మాట మాట్లాడుకునేవాళ్లం" అన్నారు. తిరిగి 0.1 కిందకు రావడానికి పది నెలలు పట్టింది.

తర్వాత తెలిసింది, నాలాంటి ఘనుల మీద లెక్కలు కూడా తీశారని. 2010లో అచ్చయిన ఒక లండన్ పరిశీలనలో 87 మందికి మాత్రల సీసా మూతలోనే చిప్ పెట్టి, మూత ఎన్నిసార్లు తెరిచారో చూశారు. పదింటికి తొమ్మిది మాత్రలు దాటి వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు 0.1 స్థాయికి దిగే అవకాశం 94 శాతం. అంతకన్నా తగ్గినవాళ్లలో 28 శాతం. నెలకు మూడు మాత్రలు పోయాయంటే నువ్వు ఆ గీత మీద ఉన్నట్టే. ఆ 87 మందిలో ఎవరు పాజిటివ్‌గా ఉన్నారో నాకు తెలియదు, సీసా మూతకు కూడా తెలియదు.

డాక్టరు దగ్గర వరండా బల్ల మీద తెనాలి నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ కలిసేది. ప్రతిసారీ కళ్లనీళ్లే. పేరు పిలిచినా ఏడుపు, రిపోర్టు బాగుందన్నా ఏడుపు. పక్కనున్నవాళ్లు ధైర్యం చెప్పబోతే "మీకు దణ్ణం పెడతా, నన్నిలా వదిలేయండి" అనేది. ఆవిడ చేతిసంచిలో రెండు చిన్న స్టీలు డబ్బీలు ఉండేవి. నెల మొదట్లో ఒకదాన్లో ముప్పై చింతగింజలు వేస్తుంది. రాత్రి మాత్ర మింగాక ఒక గింజ తీసి రెండో దాన్లో వేస్తుంది. పొద్దున్నే లేచి "రాత్రి వేసుకున్నానా లేదా" అని అనుమానం వస్తే డబ్బీ మూత తీసి లెక్కపెట్టుకుంటుంది. ఆవిడ పీసీఆర్ మా బల్ల మీద అందరికన్నా బాగుండేది, పరికరానికి దొరకనంత తక్కువ. మూత తీసి నాకు చూపించింది ఒకసారి. గింజలు చేతి రాపిడికి నల్లగా మెరుస్తున్నాయి. అవే గింజలట, ఆరేళ్లుగా.

నేను చింతగింజలు మోయలేను కానీ లెక్కలు రాయగలను. అప్పటి నుంచి ఒక చిన్న పద్దు పుస్తకం పెట్టాను. ప్రారంభ నిల్వ, ఖర్చు ఒకటి, ముగింపు నిల్వ. నిల్వ పదికి దిగితే షాపుకు వెళ్లడం. నువ్వు సెల్‌ఫోన్లో అలారం పెట్టుకుంటావేమో. పెట్టుకో, కానీ అలారం మోగిందన్న సంగతి చెబుతుంది, మింగావన్న సంగతి చెప్పదు.

మింగడం గురించి. భోజనం మధ్యలోనో, అయిన వెంటనేనో, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో. ఖాళీ కడుపున వద్దు. వేసుకున్న వెంటనే నడుం వాల్చకు, కాస్సేపు కూర్చో. నేను పెరుగన్నం తిని, మాత్ర వేసుకుని, వీధి అరుగు మీద అరగంట కూర్చుంటాను. రాత్రిపూట ఆవకాయ, గోంగూర మానేశాను, మంట పుట్టి వికారం ఎక్కువవుతోందని. గుంటూరువాడికి ఇది చిన్న త్యాగం కాదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకు.

పొద్దున కళ్ల చుట్టూ వాపు చాలామందికి వస్తుంది. నాకు మొదట్లో మొహం పూరీలా ఉబ్బేది. ఎదురుకొట్టు గుమస్తా ఒకరోజు "ఏం గురూ, రాత్రి మందు ఎక్కువైందా?" అన్నాడు. "అవును, 400" అన్నాను. వాడికి అర్థం కాలేదు, నాలుగొందల రూపాయల సరుకు అనుకుని లెక్కేసుకున్నాడు పాపం. జబ్బు వచ్చాక నేను వేసిన మొదటి జోకు అది. కావాలని వేసింది కాదు, నోట్లోంచి జారింది. అక్కడే పక్కకు వెళ్లి చాలాసేపు నవ్వుకున్నాను. చూశావా, నవ్వు అలా వస్తుంది, పిలిస్తే రాదు.

పిక్కలు పట్టేయడం, చేతివేళ్లు కొంకర్లు పోవడం రాత్రిళ్లు ఉంటుంది. డాక్టరుకు చెబితే కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ చూస్తారు. నాకు పడుకోబోయే ముందు గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం బాగా పనిచేసింది. చర్మం రంగు కొద్దిగా తేలుతుంది కొందరికి. మా మరదలు ఏం క్రీము వాడుతున్నావు బావా అని అడిగింది. మొదటి నెలల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మరీ కిందికి పడిపోవచ్చు. అప్పుడు డాక్టరే కొన్నాళ్లు ఆపమంటారు. ఆ నిర్ణయం ఆయనది, నీది కాదు. జ్వరం వస్తే ఇంట్లో గోలీతో సరిపెట్టకుండా ఫోన్ చేయి. పారాసెటమాల్ కూడా ఎంత వేసుకోవచ్చో అడిగి వేసుకో, రెండూ లివరు మీద భారమే.

ఏ కొత్త మందు రాసినా ఇమాటినిబ్ వాడుతున్నానని ముందే చెప్పు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ దీని బలం తగ్గిస్తాయి. కొన్ని ఫంగస్ మందులు దీన్ని ఒంట్లో మరీ ఎక్కువ చేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దంటారు, మన పంపరపనస దానికి దగ్గరి చుట్టమే, నేను అదీ మానేశాను. ఇక పసరులు, కషాయాలు, "క్యాన్సర్‌ను వేళ్లతో పీకే" పొడులు. నీకు ఈపాటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. తెలియనిదాన్ని తెలిసిన మందుతో కలపకు.

పీసీఆర్ సంగతి. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లయినా నన్ను వణికించేది ఇదొక్కటే. మూడు నెలలకోసారి రక్తం ఇస్తాం, రిపోర్టుకు వారం పది రోజులు. ఆ వారంలో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడను, మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. "నాన్నది పరీక్షల వారం" అంటుంది మా అమ్మాయి. దాన్ని జయించే ఉపాయం నా దగ్గర లేదు. రెండు కట్టుబాట్లు మాత్రం పెట్టుకున్నాను. రిపోర్టు ఫోన్‌కు వచ్చినా రాత్రిపూట తెరవను, డాక్టరు గది బయటే తెరుస్తాను. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయిస్తాను, ల్యాబు మారితే అంకె మారొచ్చు. అంతర్జాతీయ స్కేలులో ఇస్తున్నారా అని అడుగు.

అంకెలు చదవడం నేర్చుకో. మూడో నెలకు 10 శాతం లోపు, ఆరో నెలకు 1 లోపు, ఏడాదికి 0.1 లోపు వస్తే బండి దారిలో ఉన్నట్టు. మూడో నెల 10 దాటితే కొంప మునిగినట్టు కాదు, మళ్లీ పరీక్ష చేసి చూస్తారు, మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అని అడుగుతారు. అబద్ధం చెప్పకు. అంత కింద స్థాయిలో 0.02 ఉన్నది 0.04 అయిందని ఏడవకు, పరీక్షలోనే ఆ మాత్రం ఊగిసలాట ఉంటుంది. 0.1 గీత దాటి పైకొస్తే అప్పుడు గట్టిగా పట్టించుకోవాలి.

జీవితాంతమా అని భయపడుతున్నావు కాబట్టి ఇదీ చెబుతున్నాను. ఏళ్ల తరబడి చాలా కింద స్థాయిలో నిలకడగా ఉన్నవాళ్లకు డాక్టర్లే మాత్ర ఆపి చూస్తున్నారు. సుమారు సగం మందిలో జబ్బు తిరిగి వస్తుంది, మాత్ర మళ్లీ మొదలెడితే దాదాపు అందరిలో అదుపులోకి వస్తుంది. అలా ఆపిన కొత్తలో నెలనెలా పీసీఆర్ చేయించాలి. అది ఆపడం. నేను 2013లో చేసింది మానేయడం. రెండూ ఒకటి కాదు. నాకూ డాక్టరు ఆ మాట ఎత్తారు, మా అమ్మాయి చదువు ఒక కొలిక్కి వచ్చాక చూద్దామన్నాను.

ఇక పెళ్లి.

నాకు అప్పటికే పెళ్లయి ఏడేళ్లు, పాపకు నాలుగేళ్లు, కాబట్టి నీ కష్టం నేను పడలేదు. దాచడం అంటే ఏమిటో మాత్రం తెలుసు. మా అమ్మకు రెండేళ్లు చెప్పలేదు, గ్యాస్ మాత్ర అన్నాను. ఒకరోజు ఆవిడకు కడుపుబ్బరం వచ్చి, మా అబ్బాయి వేసుకునేదేగా అని నా షీటులోంచి ఒకటి తీసి నోట్లో వేసుకోబోయింది. మా ఆవిడ పరుగున వచ్చి చేతిలోంచి లాక్కుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు. ఆ రాత్రి చెప్పాం. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత "రెండేళ్లు ఒక్కడివే మోశావా నాయనా" అంది. తిట్టినా బాగుండేది.

అమ్మాయికి చెప్పు. నువ్వే చెప్పు, నేరుగా అమ్మాయికే. పెద్దవాళ్ల చేత చెప్పించకు, మధ్యవర్తి చేత అసలొద్దు. మధ్యవర్తి నోట పడ్డ సీఎంఎల్ వాళ్ల గుమ్మం చేరేసరికి "ఆర్నెల్ల కంటే ఉండడట" అవుతుంది. మూడో నెల పీసీఆర్ వచ్చేదాకా ఆగుతానంటే ఆగు, చేతిలో అంకె ఉంటే మాట తేలికవుతుంది. లగ్నపత్రిక రాసుకునేదాకా మాత్రం ఆగకు. ఒప్పుకుంటే ఆ అమ్మాయిని ఒకసారి మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, అడగాల్సినవి నీ ముందు అడగలేకపోతే ఆయన్ని విడిగా అడగనివ్వు. పిల్లల గురించి తప్పకుండా అడుగుతారు. మగవాళ్లు ఇమాటినిబ్ వాడుతూ తండ్రులైన సందర్భాలు బోలెడు, మామూలుగా మందు ఆపాల్సిన పని లేదంటారు, నీ సంగతి మీ డాక్టరుతో ఖాయం చేసుకో. (ఇది చదివే ఆడపిల్లలకు మాత్రం లెక్క వేరు. ఈ మందు వాడుతుండగా గర్భం రాకూడదు. ముందే డాక్టరుతో ప్లాన్ చేసుకోవాలి.)

వాళ్లు కాదంటే? అనొచ్చు. బాధగానే ఉంటుంది, ఆ బాధకు నా దగ్గర మందు లేదు. కానీ పెళ్లయిన ఏడాదికి సొరుగులో షీటు దొరికి అడిగితే, అప్పుడు గొడవ జబ్బు గురించి ఉండదు, అబద్ధం గురించి ఉంటుంది. అందులో నువ్వు గెలవలేవు.

ఆఫీసులో అందరికీ చెప్పనక్కర్లేదు. సెలవు ఇచ్చే మనిషి ఒక్కరికి తెలిస్తే చాలు. నేను మా షావుకారుకు ఏడాది తర్వాత చెప్పాను. "పరీక్షకు వెళ్లే రోజు వెళ్లు, కాటా వేళకు రా" అన్నాడు. అంతకుమించి ఇప్పటిదాకా అడగలేదు, నాకు అదే నచ్చింది.

డబ్బు సంగతి క్లుప్తంగా. మాత్ర ధర నా రోజులతో పోలిస్తే బాగా దిగింది. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో నీ కేసుకు ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గరే అడుగు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే ఇలాంటి జబ్బు వైద్య ఖర్చుకు మినహాయింపు ఉంది. చికిత్స కోసం హైదరాబాదు వెళ్లాల్సివస్తే రైల్వేలో క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవాళ్లకు రాయితీ ఉంది, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. చాలామందికి తెలియక పూర్తి డబ్బు కడతారు.

ఒక్క విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటాను. దిగులు పడినా ఫర్లేదన్నాను కదా, అది మాత్ర మానిపించనంతవరకే. నిద్ర లేక వారాలు గడిచిపోతున్నా, అన్నం సహించకపోయినా, "ఎందుకీ మాత్ర, ఎలాగూ..." అనే ఆలోచన వచ్చినా, అది దిగులు కాదు, దానికీ వైద్యం ఉంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. సైకియాట్రిస్టు నిద్రకో, దిగులుకో మాత్ర రాస్తే ఇమాటినిబ్ పేరు చెప్పడం మర్చిపోకు. నేను 2010లో మూడు నెలలు అలాంటి మాత్ర వాడాను. మా ఇంట్లో జబ్బు సంగతి చెప్పుకున్నంత సులువుగా ఆ సంగతి చెప్పుకోలేకపోయాను, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

మూడో నెల పీసీఆర్ వచ్చాక అంకె ఎంతో రాయి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. నా పుస్తకంలో ఈ రాత్రి ముగింపు నిల్వ 10, రేపు షాపుకు వెళ్లాలి.